మూడు వేలమందికి అన్నం పెట్టిన ప్రభువులు

రాజపోషణ అనగానే మన తెలుగువాళ్ళకు మనసులో మెదిలే బొమ్మ ఒకటుంది. సింహాసనం మీద రాజు, ఎదురుగా కవి, కవి చేతిలో తాటాకుల గ్రంథం. రాయలవారు పెద్దన కాలికి తన చేత్తో గండపెండేరం తొడిగాడన్న కథ చిన్నప్పటినుంచీ వింటున్నదే. తమిళనాట స్థిరపడిన మనవాళ్ళకైతే తంజావూరు రఘునాథ నాయకుడూ, ఆయనకు 'విజయవిలాసం' అంకితమిచ్చిన చేమకూర వెంకటకవీ మరింత దగ్గరివాళ్ళు. ఈ ఏర్పాటులో ఇచ్చేదేమిటో పుచ్చుకునేదేమిటో స్పష్టంగా ఉంది. రాజు ధనమో, భూమో ఇస్తాడు. కవి కావ్యంలో రాజు పేరు నిలుపుతాడు.

కొన్నేళ్ళుగా నేను ప్రాచీన చైనా చరిత్రను ఇంగ్లీషు అనువాదాల్లో చదువుకుంటున్నాను. అక్కడ నాకు మరో తరహా పోషకులు కనబడ్డారు. వాళ్ళు కావ్యాలు అడగలేదు. గుమ్మంలోకి వచ్చినవాడికి ఏం చేతనవునో కూడా ఒక్కోసారి పట్టించుకోలేదు. వేలమందిని ఇంట పెట్టుకుని అన్నం పెట్టారు. ఎందుకు పెట్టారు, ఆ అన్నం ఎక్కడినుంచి వచ్చింది, చివరకు ఎవరికి ఏం మిగిలింది అన్న మూడు ప్రశ్నలు నన్ను వదలలేదు. వాటిని పాఠకులతో పంచుకుందామనే ఈ వ్యాసం.

ముందు ఆ కాలం సంగతి కొంచెం చెప్పాలి. క్రీ.పూ. 5వ శతాబ్దం నుంచి క్రీ.పూ. 221 వరకు గల కాలాన్ని చైనా చరిత్రలో 'పోరాడే రాజ్యాల యుగం' అంటారు. పేరుకు జౌ వంశపు రాజు చాలాకాలం పైన ఉన్నా, నిజమైన అధికారం ఏడు పెద్ద రాజ్యాలది. అవి చిన్, చూ, చీ, యెన్, జావో, వెయ్, హాన్. నిత్యం యుద్ధాలు, నిత్యం సంధులు. ఇలాంటి రోజుల్లో చదువో, కత్తిసామో, మాటకారితనమో తప్ప సెంటు భూమి లేని ఒక వర్గం పెరిగింది. వీళ్ళను 'షి' అనేవారు. ఒక రాజ్యంలో పని దొరక్కపోతే మరో రాజ్యానికి నడిచిపోయేవారు. వీళ్ళు పెద్దల ఇళ్ళలో చేరితే వీళ్ళకు ఇంకో పేరు ఉండేది. దానికి 'తిండి అతిథులు' అని అర్థం.

ఇలాంటి అతిథులను పోషించడంలో పేరుపడ్డవాళ్ళు నలుగురు. చీ రాజ్యంలో మెంగ్‌ఛాంగ్ ప్రభువు, జావోలో పింగ్‌యువాన్ ప్రభువు, వెయ్‌లో షిన్‌లింగ్ ప్రభువు, చూలో చున్‌షెన్ ప్రభువు. ఇవి బిరుదు పేర్లు. మొదటి ముగ్గురూ రాజవంశీకులు. నాలుగోవాడు చదువువల్ల, వాక్చాతుర్యంవల్ల పైకొచ్చినవాడు. వీళ్ళ కథలు మనదాకా రావడానికి ముఖ్యకారణం సిమా చియెన్ అనే చరిత్రకారుడు. క్రీస్తుకు సుమారు నూరేళ్ళ ముందు ఆయన రాసిన 'షిజి' అనే 130 అధ్యాయాల మహాగ్రంథంలో ఈ నలుగురికీ తలా ఒక అధ్యాయం ఉంది.

మెంగ్‌ఛాంగ్ కథ పుట్టుకతోనే మొదలవుతుంది. ఆయన అయిదో నెల అయిదో రోజున పుట్టాడు. ఆ రోజున పుట్టిన బిడ్డ గుమ్మమంత ఎత్తు పెరిగితే తల్లిదండ్రులకు అరిష్టమని నమ్మకం. అందుకని తండ్రి ఆ బిడ్డను పెంచవద్దన్నాడు. తల్లి రహస్యంగా పెంచింది. పెద్దయ్యాక తండ్రి ఎదుటికొచ్చిన కుర్రాడు, మనిషి తలరాత రాసేది ఆకాశమా, గుమ్మమా అని అడిగాడట. గుమ్మమే అయితే దాన్ని ఇంకాస్త ఎత్తు కట్టిస్తే సరిపోతుంది కదా అన్నాడట. తండ్రి నోరు మూతపడింది. తర్వాత ఇంటికొచ్చే అతిథుల బాధ్యత అతనికే అప్పగించాడు. ఏ గుమ్మం కారణంగా తను ఇంటికి పనికిరాకుండా పోబోయాడో, ఆ గుమ్మాన్నే అందరికీ తెరిచి ఉంచిన మనిషి మెంగ్‌ఛాంగ్.

ఆయన దగ్గర మూడు వేలమంది అతిథులుండేవారని షిజి చెబుతుంది. ఆయన అతిథితో మాట్లాడుతుంటే తెర వెనక ఒక లేఖకుడు కూర్చుని ఆ అతిథి చుట్టాలెక్కడున్నారో రాసుకునేవాడు. అతిథి బయటకు వెళ్ళేసరికే ఆ చుట్టాల ఇంటికి కానుకలు చేరేవి. ఒక రాత్రి భోజనాల దగ్గర ఎవరో దీపానికి అడ్డం కూర్చున్నారు. ఒక అతిథి, చీకట్లో తనకు తక్కువ రకం తిండి పెడుతున్నారనుకుని కోపంతో లేచాడు. మెంగ్‌ఛాంగ్ తన గిన్నె తీసుకెళ్ళి పక్కన పెట్టి చూపించాడు. రెండింట్లోనూ ఉన్నది ఒకటే. ఆ అతిథి సిగ్గుతో గొంతు కోసుకున్నాడు. పంక్తిభేదం అనే మాట తెలిసిన మనకు ఈ కథలోని బరువు వేరే చెప్పనక్కర్లేదు.

క్రీ.పూ. 299లో ఆయన చిన్ రాజ్యానికి వెళ్ళి అక్కడ నిర్బంధంలో చిక్కుకున్నాడు. రాజు ప్రియురాలు మాటసాయం చెయ్యాలంటే తెల్లనక్క చర్మపు అంగీ కావాలంది. ఉన్న ఒక్క అంగీ అప్పటికే రాజుకు కానుకగా వెళ్ళిపోయింది. అతిథుల్లో కుక్కలా దూరి దొంగతనం చేయగలవాడొకడు రాత్రికి రాత్రి దాన్ని ఖజానానుంచి తెచ్చాడు. విడుదలై పారిపోతూ హాన్‌గూ కనుమ దగ్గరికి అర్ధరాత్రి చేరారు. కోడి కూస్తేగాని అక్కడ తలుపు తీయరు. అతిథుల్లో మరొకడు కోడిలా కూశాడు. చుట్టుపక్కల కోళ్ళన్నీ అందుకున్నాయి. తలుపు తెరుచుకుంది. మిగతా అతిథులు ఈ ఇద్దరితో కలిసి కూర్చోవడానికే ఒకప్పుడు సిగ్గుపడేవారట. ఆపద గట్టెక్కించింది మాత్రం వాళ్ళే.

ఇంతవరకు పిల్లలకు చెప్పుకునే కథ. దీని తర్వాతి ఘట్టాన్ని కథలు చెప్పేవాళ్ళు తరచు వదిలేస్తారు. తిరుగుదారిలో జావో రాజ్యంలో జనం ఆయన్ను చూడ్డానికి వచ్చి, ఇంత పేరున్న మనిషి ఇంత పొట్టివాడా అని నవ్వారు. మెంగ్‌ఛాంగ్‌కు కోపం వచ్చింది. ఆయన వెంట ఉన్న అతిథులు బళ్ళు దిగి వందలమందిని నరికి, ఆ ఊరిని నాశనం చేసి వెళ్ళారు. సిమా చియెన్ దీన్ని దాచలేదు, సమర్థించనూ లేదు. ఉన్నదున్నట్టు రాసి ముందుకు సాగాడు.

ఇక అన్నం ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్న. దీనికి జవాబు షిజిలోనే లెక్కతో సహా ఉంది. మెంగ్‌ఛాంగ్ జాగీరు పేరు ష్యే. అందులో పదివేల ఇళ్ళు. అతిథులు మూడు వేలు. అంటే ఒక్కొక్క అతిథి భోజనం సుమారు మూడు ఇళ్ళ మీద పడుతుంది. శిస్తు చాలక ఆయన ఆ రైతులకే వడ్డీకి అప్పులిచ్చాడు. పంటలు సరిగా లేని ఏడాది వడ్డీలు వసూలు చెయ్యడానికి ఫెంగ్ హువాన్ అనే అతిథిని పంపాడు.

ఈ ఫెంగ్ హువాన్ విచిత్రమైన మనిషి. చిరుగుల చెప్పులతో వచ్చి చేరాడు. కత్తి మీద తాళం వేస్తూ, భోజనంలో చేప లేదని ఒకసారి, ఎక్కడానికి బండి లేదని ఒకసారి పాట కట్టి పాడేవాడు. అడిగినవన్నీ ఇచ్చి మెంగ్‌ఛాంగ్ అతన్ని భరించాడు. అలాంటివాడు ష్యే వెళ్ళి, లక్ష నాణేల వడ్డీ వసూలు చేసి, ఆ డబ్బుతోనే ఎడ్లు కోయించి, సారా తెప్పించి బాకీదారులందరికీ విందు పెట్టాడు. పత్రాలు తెప్పించి చూశాడు. ఇవ్వగలిగినవాళ్ళకు గడువు ఇచ్చాడు. ఇవ్వలేనివాళ్ళ పత్రాలను వాళ్ళ కళ్ళముందే తగలబెట్టాడు. ప్రభువు మండిపడితే, లేనివాణ్ణి పీడిస్తే ఊరు వదిలి పారిపోతాడు, మీకు మిగిలేది చెడ్డపేరు అని సమాధానం చెప్పాడు. 'యుద్ధరాజ్యాల కథలు' అనదగిన మరో పాత గ్రంథం 'ఝాన్‌గువో త్సె' ఇదే కథను ఇంకొంచెం పెంచి చెబుతుంది. అందులో అతను పత్రాలన్నీ కాల్చేసి, మీ ఇంట్లో లేని వస్తువు ధర్మం ఒక్కటే కనుక దాన్ని కొనుక్కొచ్చానంటాడు.

నాకు ఈ నలుగురి కథల్లోకెల్లా విలువైన ఘట్టం ఇదే అనిపిస్తుంది. ప్రభువు ఔదార్యానికి ఖర్చు పెడుతున్నది ఎవరో ఆ ఇంట్లో అన్నం తినేవాడొకడు గమనించాడు. గమనించి ఊరుకోలేదు.

రెండోవాడు పింగ్‌యువాన్. ఆయన మేడ పక్క ఇంట్లో ఒక కుంటివాడు కుంటుతూ నీళ్ళు తోడుకుంటుంటే మేడమీదనుంచి ఒక అంతఃపుర స్త్రీ పకపకా నవ్వింది. ఆ కుంటివాడు వచ్చి ఆమె తల కావాలన్నాడు. ప్రభువు నవ్వి సరేనన్నాడుగాని ఏమీ చెయ్యలేదు. ఏడాది తిరిగేసరికి అతిథుల్లో సగం మంది వెళ్ళిపోయారు. కారణం అడిగితే, మీరు మనుషులకంటే ఆడదాని అందానికే విలువిచ్చారని చెప్పారు. ఆయన ఆమె తల నరికించి, తానే స్వయంగా కుంటివాడి గుమ్మానికి వెళ్ళి క్షమాపణ చెప్పుకున్నాడు. అతిథులు తిరిగి వచ్చారు. పాత గ్రంథాలు దీన్ని పోషకుడి గొప్పతనంగా చెబుతాయి. ఆమె పేరు మాత్రం ఎక్కడా లేదు. కుంటివాడి గౌరవం కాపాడాల్సిందే. దాని వెల ఒక నవ్వు నవ్విన మనిషి తల కావాలా? అతిథుల మెప్పు కోసం పోషకుడు ఎంతదూరం పోగలడో ఈ కథ చెబుతుంది.

ఆయన ఇంట్లో మూడేళ్ళుగా ఎవరి కంటా పడకుండా ఉన్న మావో సుయ్ అనే అతిథి ఉన్నాడు. క్రీ.పూ. 260లో ఛాంగ్‌పింగ్ యుద్ధంలో జావో సైన్యం నాశనమైంది. తర్వాత చిన్ సేనలు జావో రాజధాని హాన్‌దాన్‌ను ముట్టడించాయి. చూ రాజు సాయం అడగడానికి ఇరవైమంది సమర్థులు కావలసివచ్చింది. మూడు వేలలో పందొమ్మిదిమందే తేలారు. మావో సుయ్ తనంతట తాను ముందుకొచ్చాడు. సమర్థుడు సంచిలో పెట్టిన దబ్బనంలాంటివాడు, మొన ఎప్పుడో బయటపడేది కదా అని ప్రభువు సందేహించాడు. నన్ను సంచిలో పెట్టిందే ఈరోజు అని మావో సుయ్ జవాబు. చూ రాజు దగ్గర పొద్దుటినుంచి మధ్యాహ్నందాకా తేలని సంధిని కత్తిమీద చెయ్యివేసి మెట్లెక్కి అతనే తేల్చాడు. తన పేరు తానే చెప్పుకుని ముందుకు రావడానికి చీనావాళ్ళు నేటికీ ఇతని పేరునే సామెతగా వాడతారు.

మూడోవాడైన షిన్‌లింగ్ అంటే సిమా చియెన్‌కు ప్రత్యేకమైన ప్రేమ. వెయ్ రాజధాని దాలియాంగ్‌లో యీ ద్వారం కాపలాదారు హౌ యింగ్ అనే డెబ్భై ఏళ్ళ పేదవాడు. కానుకలు పంపితే తీసుకోలేదు. ప్రభువు విందు ఏర్పాటు చేసి, బండిలో గౌరవస్థానం ఖాళీగా ఉంచి, పగ్గాలు తానే పట్టుకుని అతని దగ్గరికి వెళ్ళాడు. ముసలివాడు మాసిన బట్టలతో మొహమాటం లేకుండా ఎక్కి కూర్చున్నాడు. దారిలో సంతలో బండి ఆపించి, ఝూ హాయ్ అనే కసాయివాడితో కావాలని చాలాసేపు మాట్లాడాడు. మాట్లాడుతూ ప్రభువు ముఖం గమనిస్తూనే ఉన్నాడు. ఆ ముఖంలో విసుగు కనబడలేదు.

హాన్‌దాన్ ముట్టడి సమయంలో వెయ్ రాజు భయపడి తన సైన్యాన్ని సరిహద్దులోనే ఆపేశాడు. పింగ్‌యువాన్ భార్య షిన్‌లింగ్‌కు అక్క. హౌ యింగ్ ఉపాయంతో, రాజు పడకగదిలో ఉన్న పులి ఆకారపు సైన్యముద్రను రాణివాసపు స్త్రీ ఒకామె దొంగిలించి ఇచ్చింది. సేనాని జిన్ బీ ముద్ర చూసి కూడా అనుమానించాడు. ఝూ హాయ్ అతన్ని ఇనుప గుదియతో కొట్టి చంపాడు. ఆ ముసలి సేనాని తప్పేమీ లేదు. ఈ సంగతి తెలిసే షిన్‌లింగ్ బయలుదేరేముందు ఏడ్చాడు. సైన్యం చేతికొచ్చాక తండ్రీకొడుకులిద్దరూ ఉంటే తండ్రినీ, అన్నదమ్ములుంటే అన్ననూ, ఒక్కడే కొడుకైతే అతన్నీ ఇంటికి పంపేశాడు. లక్షలో మిగిలిన ఎనభై వేలతో క్రీ.పూ. 257లో హాన్‌దాన్‌ను విడిపించాడు. వెంట వెళ్ళలేని హౌ యింగ్, ప్రభువు సైన్యాన్ని చేరే రోజు లెక్కపెట్టుకుని, చెప్పిన మాట ప్రకారం ఉత్తరదిక్కుకు తిరిగి గొంతు కోసుకున్నాడు. వెయ్యేళ్ళ తర్వాత తాంగ్ యుగపు మహాకవులు లీ బాయ్, వాంగ్ వెయ్ ఇద్దరూ ఈ కాపలాదారు మీద కవిత్వం చెప్పారు. గువో మోరువో 1942లో ఈ కథనే 'హూఫు' అనే నాటకంగా రాశాడు.

నాలుగోవాడు చున్‌షెన్. ఆయన ముఖ్య అతిథులు ముత్యాలు కుట్టిన చెప్పులు తొడిగేవారు. డాబుగా వచ్చిన జావో దూతలు ఆ చెప్పులు చూసి సిగ్గుపడ్డారు. ఆ ముత్యాల చెప్పులవాళ్ళలో ఒక్కరి పేరూ మనకు గుర్తులేదు. ఆయన చేసిన పనుల్లో నిలిచింది ఒకటుంది. జావోనుంచి వచ్చిన తత్వవేత్త షున్‌జికి లాన్‌లింగ్ అనే చోట అధికారి ఉద్యోగం ఇచ్చాడు. క్రీ.పూ. 238లో చున్‌షెన్‌ను ద్వారం దగ్గర మాటువేసి చంపారు. ముందే హెచ్చరించిన అతిథి మాట ఆయన వినలేదు. షున్‌జి ఉద్యోగం పోయింది, కాని లాన్‌లింగ్‌లోనే ఉండిపోయి గ్రంథం పూర్తిచేశాడు.

ఈ నలుగురినీ చూసి పోటీపడ్డవాడు చిన్ రాజ్యపు మంత్రి లూ బువెయ్. పుట్టుకతో వర్తకుడు. మూడు వేలమందిని చేర్చి, వాళ్ళచేత రెండు లక్షలకు పైగా మాటలున్న విజ్ఞానగ్రంథం రాయించాడు. దాన్ని రాజధాని సంతద్వారం దగ్గర పెట్టించి, ఒక్క అక్షరం కలపగలిగినా తీసెయ్యగలిగినా వెయ్యి బంగారు నాణేలిస్తానన్నాడు. ఎవరూ రాలేదనీ, చేతకాక కాదు, మంత్రికి భయపడి అనీ హాన్ కాలపు వ్యాఖ్యాత గావ్ యౌ రాశాడు. పోషకుడి పుస్తకానికి సమీక్ష రాయడం ఎప్పుడూ కష్టమే!

ఇక్కడ మన పాఠకులకు దగ్గరి సంగతి ఒకటుంది. క్రీ.పూ. 237లో చిన్ రాజు, పరరాజ్యాలనుంచి వచ్చినవాళ్ళందరినీ వెళ్ళగొట్టమని ఆజ్ఞ జారీచేశాడు. హాన్ రాజ్యంనుంచి వచ్చి కాలువ తవ్విస్తున్న జెంగ్ గువో అనే ఇంజనీరు గూఢచారి అని తేలడం దానికి కారణం. ఆ జాబితాలో లూ బువెయ్ ఇంట్లో అతిథిగా జీవితం మొదలుపెట్టిన లీ సి కూడా ఉన్నాడు. షున్‌జి శిష్యుడు. పుట్టింది చూ రాజ్యంలో. అతను రాజుకు విజ్ఞప్తి రాసుకున్నాడు. మీ తాతముత్తాతలకు బలం ఇచ్చిన మంత్రులందరూ బయటివాళ్ళే, బయటి రత్నాలూ బయటి సంగీతమూ ముద్దయినప్పుడు బయటి మనుషులు ఎందుకు చేదు అన్నది దాని సారాంశం. రాజు ఆజ్ఞ రద్దుచేశాడు. కాలువ పని కూడా ఆగలేదు. అది ఆ ప్రాంతాన్ని సస్యశ్యామలం చేసింది. పొరుగు రాష్ట్రంలో తరాలుగా బతుకుతున్న మనకు లీ సి వాదన కొత్తగా అనిపించదు. కాని కథ అక్కడితో అయిపోలేదు. క్రీ.పూ. 221లో ఏడు రాజ్యాలూ ఒక్కటయ్యాయి. లీ సి ప్రధానమంత్రి అయ్యాడు. క్రీ.పూ. 213లో పుస్తకాలు తగలబెట్టమని సలహా ఇచ్చింది అతనే.

ఏడు రాజ్యాలున్నప్పుడు ఒకచోట అవమానం జరిగితే అతిథికి ఇంకో గుమ్మం ఉండేది. పింగ్‌యువాన్ అతిథులు సగం మంది వెళ్ళిపోగలిగింది అందుకే. సామ్రాజ్యం ఒక్కటయ్యాక గుమ్మం కూడా ఒక్కటే. హాన్ వంశపు రాకుమారుడు, హువాయ్‌నాన్ రాజు ల్యూ ఆన్ వేలమంది పండితులను చేరదీసి 'హువాయ్‌నాన్‌జి' గ్రంథం కూర్పించి క్రీ.పూ. 139లో చక్రవర్తికి సమర్పించాడు. క్రీ.పూ. 122లో రాజద్రోహ నేరం మీదపడి ఆత్మహత్య చేసుకున్నాడు. అతిథులను పోషించడమంటే చక్రవర్తి పళ్ళు కొరుకుతాడు, మనకెందుకని ఆనాటి పెద్ద సేనాని వెయ్ చింగే అన్నట్టు షిజి చెబుతుంది.

సిమా చియెన్ బతికింది ఆ ఒక్క గుమ్మం కాలంలో. క్రీ.పూ. 99లో శత్రువుకు లొంగిపోయిన లీ లింగ్ అనే సేనాని తరఫున ఒక మాట అన్నందుకు ఆయనకు మరణశిక్ష పడింది. డబ్బు కడితే తప్పేది. ఇంట్లో అంత డబ్బు లేదనీ, స్నేహితులెవరూ ఆదుకోలేదనీ ఆయనే తర్వాత ఒక లేఖలో రాసుకున్నాడు. పుస్తకం పూర్తికావాలని, చావుకంటే అవమానకరమైన శిక్షకు ఒప్పుకుని నపుంసకుడై బతికాడు. కాపలాదారు కోసం పగ్గాలు పట్టిన ప్రభువు గురించి ఆ మనిషి అంత ఇష్టంగా ఎందుకు రాశాడో నాకిప్పుడు అర్థమవుతుంది. ఆయన్ను విడిపించడానికి కోడిలా కూసేవాడు కూడా లేకపోయాడు.

అయినా ఆ ఇష్టం ఆయన కళ్ళు మూయలేదు. ఆయన ష్యే వెళ్ళాడు. అక్కడి కుర్రాళ్ళు ఇంత దుడుకుగా ఎందుకున్నారని ఊరివాళ్ళనడిగాడు. మెంగ్‌ఛాంగ్ పిలిచి చేర్చిన రౌడీలూ సాహసికులూ అరవై వేల కుటుంబాలకు పైగా ఇక్కడ స్థిరపడ్డారని వాళ్ళు చెప్పారు. ప్రభువు పోయి నూటయాభై ఏళ్ళు దాటినా ఊరు ఆ ఔదార్యానికి ఇంకా మూల్యం చెల్లిస్తూనే ఉంది. పదకొండో శతాబ్దంలో వాంగ్ అన్‌షి అనే రాజనీతిజ్ఞుడు ఇంకా కటువుగా, మెంగ్‌ఛాంగ్ కోడికూతలవాళ్ళకు నాయకుడేగాని పండితులకు కాదని చిన్న వ్యాసం రాశాడు. అలాంటివాళ్ళు గుమ్మంలో ఉండబట్టే నిజమైన పండితులు రాలేదన్నాడు. నేను వాంగ్ అన్‌షితో పూర్తిగా ఏకీభవించను. పండితుల్లోనే పత్రాలు కాల్చే ఫెంగ్ హువాన్‌లు ఎందరున్నారు?

ఆ ఫెంగ్ హువాన్ చెప్పిన ఇంకో మాట మనలాంటి చిన్న పత్రికలవాళ్ళం గుర్తుంచుకోదగ్గది. మెంగ్‌ఛాంగ్ పదవి పోగానే అతిథులందరూ వెళ్ళిపోయారు. పదవి తిరిగొచ్చాక వాళ్ళ ముఖాన ఉమ్మేస్తానన్నాడు ప్రభువు. ఫెంగ్ హువాన్ సంత సంగతి చెప్పాడు. పొద్దున జనం భుజాలు రాసుకుంటూ సంతలోకి తోసుకొస్తారు. సాయంత్రం అదే సంత పక్కనుంచి తలెత్తి చూడకుండా పోతారు. పొద్దుటి మీద ప్రేమా కాదు, సాయంత్రం మీద ద్వేషమూ కాదు. వాళ్ళకు కావలసింది అప్పుడు అక్కడ లేదు, అంతే. వచ్చినవాళ్ళను మామూలుగానే రానివ్వమన్నాడు. మెంగ్‌ఛాంగ్ విన్నాడు.

మన పత్రికలకు మెంగ్‌ఛాంగ్‌లు లేరు. చందా కట్టే నాలుగైదు వందలమంది ఉంటే అదే జాగీరు. ఒక ఏడాది కట్టి మరుసటి ఏడాది మానేసినవాళ్ళమీద కోపం తెచ్చుకునే సంపాదకులకు ఈ సంత కథ చెప్పాలనిపిస్తుంది. చందాదారులకు మాత్రం యీ ద్వారం కథ చెబుతాను. దాలియాంగ్ నగరం శిథిలాల మధ్య సిమా చియెన్ తిరుగుతూ ఆ ద్వారం ఎక్కడని అడిగాడు. అది ఊరికి తూర్పు వాకిలి అని స్థానికులు చూపించారు. రాజు కోట గురించి ఆయన అడిగినట్టు లేదు. కాపలాదారు కూర్చున్న చోటు వెతుక్కున్నాడు.